ఆదివారం కొండలు, ఎనిమిది రోజుల జ్వరం: నా అనుభవం

మా ఆఫీసులో ఇప్పటికి ఓ పదిమంది అడిగారు, "ఇంతకీ నీకొచ్చింది డెంగీయా, టైఫాయిడా?" అని. రెండూ కాదు. ఒక్కొక్కరికీ మొదట్నుంచి చెప్పుకు రావడం కంటే ఒకసారి రాసి పెట్టేస్తే నయమనిపించింది. జ్వరం దగ్గరికి వచ్చేముందు కొండల సంగతి చెప్పాలి. ఆ నాలుగు నెలల ఆదివారాలూ అంత బాగా గడిచాయి మరి.

2025 మేలో ఆఫీసు తరఫున చేసిన పరీక్షల్లో నా షుగర్ గీత మీద నిలబడి ఉందని తేలింది. నడవమన్నారు. మా విశాఖ ఆర్కే బీచ్‌లో నడక మొదలుపెట్టాను. పొద్దున్నే ఆ రోడ్డు మీద బళ్ళు తిరగనివ్వరు కాబట్టి హాయిగానే ఉంటుంది గానీ, నాలుగడుగులకో తెలిసినవాడు, వాడితో కబుర్లు, ఆపైన టిఫిన్ బండి. రెండు వారాల్లో కిలో పెరిగాను. అప్పుడు ఆరో తరగతిలోకి వచ్చిన మా అమ్మాయి ఓ సలహా ఇచ్చింది. "కొండ మీద అయితే ఇడ్లీ బండి ఉండదు కదా నాన్నా." అలా నెలకో ఆదివారం, ఊరి చుట్టూ ఏదో ఒక కొండ అని ఒప్పందం. దారిలో కనిపించిన వింతలన్నీ గీసుకోవడానికి తనొక గీతల్లేని పుస్తకం కొనుక్కుంది.

మొదటిది జూన్ 29, కంబాలకొండ. జూ ఎదురుగా, హైవే పక్కనే ఉంది. ఇరవై ఏళ్ళుగా దాని ముందు నుంచి బస్సులో పోతూనే ఉన్నాను, లోపల 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉందని ఏనాడూ పట్టించుకోలేదు. గేటు దగ్గర టికెట్ తీసుకుని, దారి చూపించడానికి ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకున్నాం. అతనికి నేనిచ్చింది మూడు వందలు. ముందు రాత్రి వాన పడింది. ఆరుద్ర కార్తె వచ్చి వారం అయింది. కాలిబాట పక్కన తడి ఇసుక మీద మా అమ్మాయి ఒక్కసారి ఆగిపోయి, "నాన్నా, వెల్వెట్ ముక్క నడుస్తోంది!" అంది.

ఆరుద్ర పురుగు. నేను చూసి ముప్పై ఏళ్ళయి ఉంటుంది. చిన్నప్పుడు మా ఊళ్ళో తొలకరికి పొలం గట్ల మీద వందలు కనిపించేవి. అగ్గిపెట్టెలో పచ్చగడ్డి వేసి, వాటిని దాచుకుని బడికి పట్టుకెళ్ళేవాళ్ళం. ముట్టుకుంటే కాళ్ళన్నీ ముడుచుకుని చిన్న ఎర్ర గింజలా అయిపోతుంది. ఓ నిమిషం కదలకపోతే మనం వెళ్ళిపోయామనుకుని మళ్ళీ బయల్దేరుతుంది. మా అమ్మాయి ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని కాళ్ళు లెక్కపెట్టింది. ఎనిమిది. "అయితే ఇది పురుగు కాదు నాన్నా, సాలీడు వైపుది" అని తీర్పు చెప్పింది. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంకొంచెం పైకి వెళ్ళాక ముళ్ళపంది ముల్లు ఒకటి దొరికింది. జానెడు పైనే ఉంది, నలుపూ తెలుపూ పట్టీలతో, పట్టుకుంటే బరువే లేదు. జేబులో పెట్టుకోబోతుంటే కుర్రాడు, "ఇక్కడి నుంచి ఆకు కూడా తీసుకెళ్ళకూడదు సార్, బొమ్మ గీసుకోనివ్వండి పాపని" అన్నాడు. అభయారణ్యం చట్టం అంతేనట. గీసుకున్నాక ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టేసి వచ్చాం. దిగేసరికి పదకొండున్నర. చెమటకి చొక్కా పిండుకోవాల్సి వచ్చింది. రెండు లీటర్ల నీళ్ళు ఇద్దరికీ సరిపోలేదు.

జూలై 20న తొట్లకొండ. ఇది ఎక్కడానికి పెద్ద కష్టమేమీ కాదు, 128 మీటర్ల ఎత్తు, పైదాకా రోడ్డే ఉంది. నేవీ వాళ్ళు 1976లో విమానంలో సర్వే చేస్తుంటే ఈ బౌద్ధారామం ఆనవాళ్ళు బయటపడ్డాయి. తర్వాత 1988 నుంచి కొన్నేళ్ళపాటు తవ్వారు. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. బండలో తొలిచిన నీటి తొట్లే ఆ కొండకి పేరు. ఆ రోజు ఒక తొట్టిలో వాన నీళ్ళు నిలిచి, కప్పలు సంగీత కచేరీ పెట్టాయి. రెండు వేల ఏళ్ళ కిందటి సన్యాసులు కూడా ఈ కప్పల గోల భరించే ధ్యానం చేసుకుని ఉంటారు.

నాకు అంతకంటే నచ్చింది మామూలు రాయి. దారి పక్కన పగిలిన బండల్లో ఆవగింజ నుంచి శనగగింజంత వరకు ఎర్రటి చుక్కలు, దానిమ్మ గింజలు పొదిగినట్టు. ఫోటో తీసి, ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ చదివిన మా ఆఫీసు సీనియర్‌కి పంపాను. "అవి గార్నెట్లు. ఆ రాయి ఖోండలైట్. కోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. మీ జ్యోతిష్కుడు పెట్టుకోమనే గోమేధికం కూడా గార్నెట్ జాతిదే" అని జవాబు. కొండ దిగి మంగమారిపేట దగ్గర సముద్రంలో రాతి తోరణం చూడ్డానికి వెళ్ళాం. అలలు వెనక్కి తగ్గిన వేళ కాబట్టి దగ్గరగా చూడగలిగాం. అక్కడ ఒడ్డు ఇసుకలో చారలు చారలుగా ఎరుపు, నలుపు. ఎరుపు ఆ కొండ గార్నెట్లే, అరిగి అరిగి ఇసుకయి సముద్రం దాకా వచ్చాయి. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం మా అమ్మాయి సంచిలో ఎందుకుందో నన్నడక్కండి, దాన్ని ఇసుకలో తిప్పితే నల్ల రేణువులు మీసాల్లా లేచి అతుక్కున్నాయి. వాటిని వదిలించడానికి అరగంట పట్టింది.

ఆగస్టు 17న మాధవధార నుంచి కొండెక్కి సింహాచలం వైపు దిగే కాలిదారి. దాని గురించి పెద్దగా రాయను, సగం దూరం నేను ఆయాసపడుతూనే ఉన్నాను. ఒక పొద మీద అడవినాభి పూలు, మంటలు పైకి లేచినట్టు ఎరుపూ పసుపూ. దాని దుంప విషం, చూసి వచ్చేయడమే. రాళ్ళ సందున పాము కుబుసం ఒకటి, కళ్ళ మీది పొర కూడా చెక్కుచెదరకుండా. దిగాక స్వామి దర్శనానికి రెండు గంటలు, తిరుగు ఆటోకి నాలుగు వందలు.

ఇక సెప్టెంబర్ 14. ఎర్రమట్టి దిబ్బలని యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్చారని ఆ వారమే వార్త. మా అమ్మాయి ఊరుకుంటుందా. ఎండ తగ్గాక వెళ్దామని మధ్యాహ్నం మూడింటికి స్కూటర్ మీద భీమిలి రోడ్డు పట్టాం. సినిమాల్లో చూడ్డం వేరు, ఆ గాడుల్లోకి దిగి నిలబడటం వేరు. రెండు పక్కలా మనిషికి మించిన ఎర్ర గోడలు, తాకితే చేతికి కుంకుమలా అంటుకునే పొడి. ఇదంతా ఒకప్పటి ఇసుకేనట, రేణువుల మీద ఇనుము తుప్పు పట్టి ఈ రంగొచ్చింది. ఇలాంటివి మన దగ్గర కాక తమిళనాడులో, శ్రీలంకలో ఉన్నాయి.

గోడల అడుగున ఒక చోట మా అమ్మాయి పడుకుని మరీ చూసింది. వేలెడంత ఎత్తున ఎర్రమట్టి స్తంభాలు, వందల్లో. ప్రతిదాని నెత్తి మీదా ఒక గులకరాయి. చుట్టూ మట్టిని వాన కోసుకుపోయింది, రాయి గొడుగు పట్టిన చోట మాత్రం మట్టి నిలిచింది. ఊదితే కూలేటట్టున్నాయి. వాటిని గీయడానికి తనకి నలభై నిమిషాలు పట్టింది.

ఆ నలభై నిమిషాలే నా కొంప ముంచాయి. ఒడ్డెక్కి, జీడిమామిడి చెట్టు కింద గడ్డిలో బూట్లు విప్పి పడుకున్నాను. చల్లగా గాలి. మేకలు తోలుకొస్తున్న ముసలావిడ నన్ను చూసి, "ఏటి బాబూ, ఆ గడ్డిలో తొంగున్నావ్? పురుగూ పుట్రా ఉంటాది, లెగు" అంది. పాముల గురించి అంటోందనుకుని ఓసారి చుట్టూ చూసి, మళ్ళీ నడుం వాల్చాను.

ఇంటికి చేరేసరికి ఏడుంపావు. ఎనిమిదింటికి ఆసియా కప్‌లో పాకిస్తాన్‌తో మ్యాచ్. అదే బట్టలతో టీవీ ముందు కూర్చుండిపోయాను. మనవాళ్ళు ఏడు వికెట్ల తేడాతో గెలిచారు. స్నానం చేసేసరికి పదకొండున్నర దాటింది.

పది రోజులు ఏమీ లేదు. సెప్టెంబర్ 24, బుధవారం. ఆఫీసులో నాలుగింటికి ఏసీ తగ్గించమని అడిగాను, అప్పటికే అది ఆపేసి ఉంది. ఇంటికొచ్చేసరికి 102. తల వెనక నుంచి కళ్ళ దాకా పోటు, ఒళ్ళంతా రోకలితో దంచినట్టు. మర్నాడు దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి వెళ్ళాను. ఫీజు 300, రక్తపరీక్షలకి 2,350. సాయంత్రం రిపోర్టులు వచ్చాయి. మలేరియా లేదు, డెంగీ లేదు, టైఫాయిడ్‌కి చేసే వైడల్ పరీక్ష మాత్రం కొద్దిగా చూపిస్తోందన్నారు. "టైఫాయిడ్ మొదట్లో ఉంది" అని సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ రాసి, ఐదు రోజులు వాడమన్నారు. ఇంట్లో అందరికీ ధైర్యం వచ్చింది. రోగానికి పేరంటూ దొరికితే సగం టెన్షన్ తగ్గుతుంది కదా, ఆ పేరు తప్పయినా.

నాలుగు రోజులు మాత్ర వేసుకుంటే రెండు గంటలు తగ్గడం, మళ్ళీ దుప్పట్లో వణుకు. 28వ తేదీ రాత్రి 104 చూపించింది. మా ఆవిడ థర్మామీటర్ పాడైందని పక్కింటివాళ్ళది తెచ్చింది. అదీ అంతే చూపించింది. మళ్ళీ క్లినిక్, మళ్ళీ 300, ఇంకో పరీక్ష 350. ప్లేట్‌లెట్స్ 1,10,000. "మందు పనిచేయడానికి టైమ్ పడుతుంది" అన్నారు. ఆ మధ్య గజ్జల్లో బిళ్ళ కట్టింది. బూటు కరిచిన పుండు వల్లనుకున్నాను. డాక్టరుకి చెప్పలేదు, ఆయన అడగలేదు.

సెప్టెంబర్ 30, దుర్గాష్టమి. పొద్దున్నుంచి పొడి దగ్గు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వీధి చివర పందిట్లో మైకు మోగుతుంటే ఆ శబ్దం నా తలలోంచే వస్తున్నట్టుంది. మా బావమరిది కారు తెచ్చి, "బావా, ఇంక నీ మాట వినేది లేదు" అని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. 6:10కి చేరాం, పండగ కాబట్టి ఉన్నది ఇద్దరే డాక్టర్లు, మమ్మల్ని పిలిచేసరికి 8:45. ఆ రెండున్నర గంటల్లో ప్లేట్‌లెట్స్ 72,000కి పడ్డాయని తెలిసింది. మా ఆవిడ చెయ్యి నా చేతిలోనే ఉంది గానీ ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. రిపోర్టులు పక్కన పెట్టి ముందు అడిగింది ఇదీ. "ఈ నెలలో ఎక్కడైనా పొలాలకి, అడవికి, కొండలకి వెళ్ళారా?" ఆరు రోజుల్లో ఎవరూ అడగని ప్రశ్న. ఎర్రమట్టి దిబ్బల సంగతి చెప్పాను. "గడ్డిలో కూర్చున్నారా?" "పడుకున్నానండీ." ఆవిడ కర్టెన్ లాగి, చంకలు, చెవుల వెనక, బొడ్డు చుట్టూ లైటు వేసి వెతికింది. నేను సిగ్గుతో ముడుచుకుపోయాను. చివరికి మొలతాడు పక్కకి జరిపి, "ఇది ఎప్పటినుంచి ఉంది?" అంది.

నడుం ఎడమ పక్క, మొలతాడు సరిగ్గా ఒరుసుకునే చోట, నల్లటి పక్కు. గుండ్రంగా, చుట్టూ ఎర్రటి అంచు, చుట్టతో అంటించి తీసినట్టు. నొప్పి లేదు, దురద లేదు. నేను దాన్ని చూడనే లేదు. మా ఆవిడ చూసిందట, మొలతాడు ఒరుపనుకుని కొబ్బరినూనె రాద్దామనుకుని మర్చిపోయింది.

"స్క్రబ్ టైఫస్ అయి ఉంటుంది. టైఫాయిడ్ కాదు, పేర్లు దగ్గరగా ఉన్నాయంతే" అంది డాక్టరమ్మ. గడ్డిలో, పొదల్లో కంటికి కనిపించనంత చిన్న నల్లి పిల్లలు (మంచాల్లో ఉండే నల్లులు కావు, మైట్స్ అంటారు) ఉంటాయి. ఎలుకల మీద బతుకుతాయి. మనిషి దొరికితే ఒంటి మీద పాకి, బట్టలు బిగుతుగా ఉన్నచోట ఆగి కుడతాయి. అందుకే మొలతాడు కింద. కుట్టినట్టు కూడా తెలీదు. వాటి నుంచే ఆ క్రిమి ఒంట్లోకి వస్తుంది, వారం పది రోజులకి జ్వరం మొదలవుతుంది. గజ్జల్లో బిళ్ళ కూడా దానివల్లే. నేను మింగిన సెఫిక్సిమ్ దీని మీద పనిచేయదు. రిపోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేదని ఆ రాత్రి పదిన్నరకే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. పూటకొకటి చొప్పున రోజుకి రెండు, వారం రోజులు.

డాక్టరమ్మ చెబుతుంటే పక్కనే నిలబడి వింటున్న మా అమ్మాయి, "ఆ పురుగుకి ఎన్ని కాళ్ళు ఆంటీ?" అని అడిగింది. "పిల్లలప్పుడు ఆరు, పెద్దయ్యాక ఎనిమిది" అని ఆవిడ నవ్వింది. "ఆరుద్ర పురుగు తెలుసా? దానికి ఇవి దగ్గర చుట్టాలు." మా అమ్మాయి మొహం చూడాలి. జూన్‌లో తను మోకాళ్ళ మీద కూర్చుని మురిసిపోయిన దాని బంధువే వాళ్ళ నాన్నని మంచమెక్కించింది. ఆరుద్ర పురుగు మాత్రం మనుషుల జోలికి రాదని ఆవిడ రెండుసార్లు చెప్పాకే కుదుటపడింది.

అక్టోబర్ 1 పగలంతా జ్వరం ఉంది. రెండో తేదీ, దసరా రోజు, తెల్లవారుజామున చెమటతో పక్క తడిసిపోయి మెలకువ వచ్చింది. కళ్ళ వెనక పోటు లేదు. మళ్ళీ వస్తుందేమోనని ఓ గంట కదలకుండా పడుకున్నాను. రాలేదు. ఎనిమిది రోజుల తర్వాత ఇడ్లీ రుచి తెలిసింది, అదీ ఆసుపత్రి ఇడ్లీ. పండగ వల్ల ఆలస్యమై, స్క్రబ్ టైఫస్‌కి చేసిన ఐజీఎం ఎలైసా రక్తపరీక్ష రిపోర్టు మూడో తేదీకి వచ్చింది. పాజిటివ్.

నాలుగో తేదీ పొద్దున్న తొమ్మిదిన్నరకి డిశ్చార్జ్ రాశారు, ఇన్సూరెన్స్ కాగితాలు తెమిలి గుమ్మం దాటేసరికి మూడు. బిల్లు 38,700, అందులో మా చేతి నుంచి పడింది 5,500. అంతకు ముందు క్లినిక్‌కి, పరీక్షలకి, మందులకి అయింది 3,940. నన్ను నిజంగా బాగుచేసిన డాక్సీసైక్లిన్ పది మాత్రల అట్ట మాత్రం వంద రూపాయలు కూడా లేదు. ఆ బిల్లు కాగితం ఇప్పటికీ పర్సులో ఉంది, ఎందుకో పారేయబుద్ధి కాలేదు.

ఎవరూ ముందుగా చెప్పనివి కొన్ని. డాక్సీసైక్లిన్ వేసుకుని వెంటనే పడుకుంటే గొంతులో మంట భరించలేం. నిండు గ్లాసు నీళ్ళతో వేసుకుని అరగంటైనా కూర్చోవాలి. అవి వాడుతున్నన్నాళ్ళూ ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోతుందన్నారు. పక్క ఫ్లాట్ ఆవిడ ఆరో తేదీ దాకా మా ఇంటి వైపు రాలేదు, ఇది మనిషి నుంచి మనిషికి అంటదని మా ఆవిడ గుమ్మంలో నిలబడి చెప్పాల్సి వచ్చింది. ఎనిమిదో తేదీకి ప్లేట్‌లెట్స్ 1,60,000కి వచ్చాయి. నీరసం మాత్రం నెల దాటినా వదల్లేదు, నవంబర్లో జుట్టు గుప్పిళ్ళతో ఊడింది.

ఆ క్లినిక్ డాక్టరు మీద నాకు కోపం ఉందా అంటే, కొంచెం ఉంది. కానీ కొండలకి వెళ్ళానని నేనూ చెప్పలేదు. కొండకీ జ్వరానికీ సంబంధం ఉంటుందని నాకేం తెలుసు. పది రోజుల కిందటి సంగతి, ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

పక్కు అక్టోబర్ నెలాఖరుకి రాలింది. అంతకు ముందే మా అమ్మాయి స్కేలు పెట్టి కొలిచింది, ఆరు మిల్లీమీటర్లు. పుస్తకంలో సెప్టెంబర్ 14 పేజీలో, గులకరాళ్ళు మోస్తున్న ఆ మట్టి స్తంభాల కింద నల్లటి గుండ్రం ఒకటి గీసి, చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో అంచు దిద్దింది. పక్కన "నాన్న నడుం, ఎడమ వైపు" అని రాసింది.

నవంబర్ 23న మళ్ళీ బయల్దేరాం, కైలాసగిరి మెట్ల వరకే. నిండు ప్యాంటు, దాన్ని సాక్సుల్లోకి దోపి, అచ్చం సర్కస్ జోకర్‌లా. ఎదురొచ్చిన కుర్రాళ్ళు నవ్వుకున్నారు. పైకి చేరేలోపు మూడు చోట్ల ఆగాను. మెట్ల పక్కన గడ్డి మెత్తగా, పచ్చగా ఉంది. నేను సిమెంటు మెట్టు మీదే కూర్చున్నాను. ఇంటికి రాగానే బట్టలు బకెట్లో వేసి, సబ్బుతో ఒళ్ళు రుద్దుకుని, ఆ తర్వాతే టీవీ పెట్టాను.